సరళ కథ – కఠిన దుఃఖము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము నేను ప్రసంగింప దలచిన విషయము చూచుటకు చిన్నది. ఒక విద్యార్థి పాఠశాలలో చదువుకొనుచు, ఇంకను చక్కగా పట్టుబడని పరభాషలో, మొట్టమొదటిసారి ఒక విషాదాంతమైన ప్రేమకథను చదువును. అది మహాకవి రచించిన మూలము కాదు. పిల్లలకొఱకు కుదించి సులభ వచనమున చెప్పిన కథ. అట్టి కథ ఆ విద్యార్థికి ఇచ్చునదేమి? ఇయ్యలేనిదేమి? దానిని వాని చేతికిచ్చు పెద్దలకు గల బాధ్యత యేమి? ఈ మూడు ప్రశ్నలను రోమియో జూలియెట్టుల కథ నాధారముగా తీసికొని విచారించెదను.

మనలో పలువురకు షేక్స్పియరు మహాకవితో తొలి పరిచయము నాటకముల ద్వారా కలుగలేదు. ఇంగ్లీషు వాచకమునకు తోడుగా 'నాన్ డిటెయిల్డు' అను ఒక సన్నని పుస్తకముండెడిది. పంక్తి పంక్తికిని అర్థము చెప్పక, కథ తెలిసిన చాలునని ఉపాధ్యాయులు వడివడిగా చదివించు పుస్తకమది. చార్లెస్ లాంబు, అతని అక్క మేరీ లాంబు కలసి వ్రాసిన 'షేక్స్పియరు కథలు' ఆ స్థానమున మన దేశపు పాఠశాలలు అనేకములలో నిలిచినవి. ఆ కథలనే మరల కుదించి, కఠిన పదములు తీసివేసి, బొమ్మలు చేర్చి ముద్రించిన ప్రతులును కలవు. కావున మన విద్యార్థి చేతికి వచ్చునది ఒక్కొక్కసారి సంగ్రహమునకు సంగ్రహము.

ఆ చార్లెస్ లాంబును గూర్చి ఈ సభలో చెప్పుట మన తోడి ఉద్యోగిని గూర్చి చెప్పుటయే. 1775లో లండను నగరమున పుట్టిన ఆయన జీవనోపాధి రచన కాదు, గుమాస్తాగిరి. 17 ఏండ్ల వయస్సున, 1792లో, ఈస్టిండియా కంపెనీవారి లండను కార్యాలయమున లెక్కల శాఖలో చేరి, 1825 వఱకు 33 సంవత్సరములు అచ్చటనే పనిచేసెను. 1611లో మన మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిన కంపెనీ అదియే. లాంబు ఉద్యోగము చేయు కాలమున మన సర్కారు జిల్లాలును, 1800 తరువాత దత్తమండలములును దాని యేలుబడిలో నుండెను. పగలెల్ల సరకుల పద్దులు వ్రాసి, రాత్రులు దీపము ముందు సాహిత్య వ్యాసంగము చేసినవాడాయన. తన నిజమైన గ్రంథములు కంపెనీ కార్యాలయపు బీరువాలలోని లెక్కల పుస్తకములేయని ఒకచోట హాస్యమాడెను. ఫైళ్లనడుమ జీవితము గడుపు మనకు ఆ హాస్యములోని చేదు తెలియకపోదు.

ఆయన ఇంటిలో హాస్యమునకు చోటు తక్కువ. 1796 సెప్టెంబరులో అక్క మేరీ మతిభ్రమణమునకు లోనై, ఆ వివశ స్థితిలో కన్నతల్లిని కత్తితో పొడిచి చంపెను. అప్పటికి చార్లెస్ వయస్సు 21 సంవత్సరములు. అక్కను జీవితాంతము పిచ్చాసుపత్రిలో విడువక, తానే ఆమెకు సంరక్షకుడనై యుందునని పూచీపడెను. వివాహము చేసికొనలేదు. 1834లో తాను కన్నుమూయు వఱకును ఆమెను కాపాడెను. రోగము మరల మరల వచ్చుచునే యుండెను; తెఱపి దొరకిన దినములలో ఆమె చదువరి, రచయిత్రి, వివేకవతి. ఇట్టి ఇంటిలో, ఒకే బల్లకు చెఱియొక ప్రక్కను కూర్చుండి, ఆ అక్కాతమ్ములు పిల్లలకొఱకు 20 కథలు వ్రాసిరి. 14 కథలు మేరీవి. లియరు రాజు, మాక్బెత్, హామ్లెట్, ఒథెల్లో, టైమన్, రోమియో జూలియెట్టు అను ఆరు విషాద కథలు చార్లెస్‌వి. 60 గినీలు ముట్టునని ఆయన ఒక మిత్రునకు ఉత్తరములో తెలిపెను. విలియం గాడ్విన్ దంపతుల బాలసాహిత్య ప్రచురణాలయము 1807లో పుస్తకమును వెలువరించెను. మొదటి ముద్రణ ముఖపత్రముపై తమ్ముని పేరే యుండెను. అధిక భాగము వ్రాసిన అక్క పేరు లేకపోయెను.

ఈ వృత్తాంతము నిచ్చట చెప్పుటకు కారణము కలదు. పిల్లలకు దుఃఖమును చెప్పబూనిన ఈ మనుష్యుడు దుఃఖమును పుస్తకములలో మాత్రమే చూచినవాడు కాడు. అయినను, కాదు, అందువలననే కాబోలు, ఆయన పిల్లలకు అబద్ధము చెప్పలేదు.

ఇక కథ. మీరెఱిగినదే యైనను, విద్యార్థి దానిని మొదటిసారి చదువు క్రమమున ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొందము.

ఇటలీ దేశమున వెరోనా నగరములో కాపులెట్టులు, మాంటేగులు అను రెండు సంపన్న కుటుంబములు. వారికి తరతరముల పగ. యజమానులే కాదు, దూరపు బంధువులును సేవకులును ఎదురుపడిన కత్తులు దూయుదురు. మాంటేగు కుమారుడు రోమియో ముసుగు ధరించి కాపులెట్టుల ఇంటి విందునకు పోయి, ఆ ఇంటి కుమార్తె జూలియెట్టును చూచును. ఇరువురును పరస్పరము మనస్సు లిచ్చిన పిమ్మటనే ఎదుటివారు పగవారి బిడ్డలని తెలియును. ఈ పెండ్లివలన పగ చల్లారునను ఆశతో లారెన్సు అను క్రైస్తవ సన్న్యాసి మఱునాడే వారికి రహస్యముగా వివాహము చేయును. ఆ దినముననే వీధిలో పోరాటము జరుగును. జూలియెట్టు బంధువు టిబాల్టు, రోమియో మిత్రుడు మెర్క్యూషియోను చంపును. రోమియో టిబాల్టును చంపును. ప్రభువు రోమియోను నగరమునుండి బహిష్కరించును.

ఇక్కడ జూలియెట్టు తండ్రి, కుమార్తె వివాహిత యని ఎఱుగక, పారిస్ అను ఉన్నత వంశీయునితో పెండ్లి నిశ్చయించును. సన్న్యాసి ఆమెకొక మందిచ్చును. దానిని త్రావిన 42 గంటలు మృతురాలివలె పడియుండి, పిమ్మట మేల్కొనును. ఈ సంగతి తెలుపుచు మాంటువా నగరమున నున్న రోమియోకు ఉత్తరము పంపబడును. ఆ ఉత్తరము అందదు. మరణవార్త మాత్రము అందును. రోమియో పేద మందులవానియొద్ద విషము కొని, రాత్రివేళ సమాధి గృహమునకు వచ్చి, అడ్డుపడిన పారిస్‌ను చంపి, భార్య ప్రక్కనే విషము త్రావి మరణించును. కొలది సేపటికి ఆమె మేల్కొని, జరిగినది గ్రహించి, కత్తితో పొడుచుకొని మరణించును. బిడ్డల శవముల ముందర వృద్ధులైన తండ్రులిరువురును చేతులు కలుపుదురు.

ఈ కథను చదివిన తెలుగు విద్యార్థి ఎట్టి సంస్కారముతో దానియొద్దకు వచ్చును? వాడు కథలు తెలియనివాడు కాడు. ఇంట అవ్వయొద్ద, తల్లియొద్ద విన్నవాడు. నలుడు దమయంతిని అడవిలో విడిచినను మరల కలిసికొనును. సావిత్రి యమునివెంట నడచి భర్తను తెచ్చుకొనును. శకుంతల ఉంగరము నీటిలో జారిపోయినను, చేప మ్రింగినను, జాలరి చేతికి చిక్కి రాజును చేరును. రాజునకు జ్ఞాపకము వచ్చును. మారీచాశ్రమమున భార్యాపుత్రులు లభింతురు. మన సంస్కృత నాటకములు భరతవాక్యముతో, లోకక్షేమము కోరుచు ముగియును. వియోగమెంత దీర్ఘమైనను అది సంయోగమునకు దారియే యని మన బాలునకు ఊహ తెలిసిననాటినుండి నమ్మకము.

మరణమును వాడెఱుగడని కాదు. అభిమన్యుని మరణమునకు కన్నీరు కార్చియుండును. కాని అక్కడ కోపగించుకొనుటకు మనుష్యులు కలరు. మఱునాటి సూర్యాస్తమయములోగా సైంధవుని చంపెదనని అర్జునుడు ప్రతిన పూనును, చంపును. బాలుని మనస్సునకు ఒక తీరుబడి దొరకును. రోమియో కథలో అది లేదు. టిబాల్టు నడుమనే చనిపోయెను. సన్న్యాసి మేలు కోరినవాడు. తండ్రి కూతురు సుఖపడవలెననియే పెండ్లి తలపెట్టెను. పారిస్ సైతము దుర్మార్గుడు కాడు. సమాధికి పుష్పములు తెచ్చినవాడు. ఎవరిపై కోపగింపవలెను? ఈ ప్రశ్నకు సమాధానము చిక్కక బాలుడు పుస్తకము మూయును. వాని చదువులో ఇది నూతనాధ్యాయము.

మా తరగతిలో ఈ కథ చదివించినప్పుడు జరిగిన చిన్న ముచ్చట యొకటి మనవి చేసెదను. ఉత్తరము అందలేదను వాక్యము రాగానే తపాలా ఉద్యోగి కుమారుడొకడు లేచి, "మాస్టారూ, అంత ముఖ్యమైన ఉత్తరమును రిజిస్టరు చేసి పంపియుండరాదా?" అని అడిగెను. తరగతి యంతయు నవ్వెను. ఉపాధ్యాయుడు నవ్వలేదు. "మంచి ప్రశ్న వేసితివి. ఒక ఉత్తరముపై ఇద్దరి ప్రాణములు ఆధారపడు స్థితి ఎందుకు వచ్చెనో అది కూడ ఆలోచింపుము" అనెను. ఆ బాలుని ప్రశ్న అమాయకమైనది కాదని నాకిప్పటికిని తోచును. శకుంతల ఉంగరము దొరకెను, జూలియెట్టు ఉత్తరము అందలేదు. రెండు సాహిత్యములకు గల భేదమంతయు ఆ రెండు చిన్న వస్తువులలో ఇమిడియున్నది.

ఉత్తరము ఎందుకు అందలేదు? దూతకు దారిలో ఆటంకము కలిగినదని మాత్రమే లాంబు చెప్పి ఊరకుండెను. మూల నాటకమున కారణము స్పష్టము. ఉత్తరము తీసికొనిపోవలసిన జాన్ అను సన్న్యాసి, తోడుకొఱకు మరియొక సన్న్యాసిని వెదకుచు ఒక ఇంటికి పోవును. ఆ ఇంట అంటువ్యాధి కలదను అనుమానముతో అధికారులు తలుపులు మూసి ముద్రవేయుదురు. లోపలివారు బయటికి రారాదు; ఉత్తరమును త్రిప్పి పంపుటకైనను భయపడి ఎవరును ముట్టరు. షేక్స్పియరునకు ఇది కల్పనామాత్రము కాదు. 1592 మొదలు 1594 వఱకు ప్లేగు కారణమున లండను నాటకశాలలు చాలకాలము మూతపడియుండెను. 2020లో ఇండ్ల తలుపులు మూసికొని కూర్చున్న మనకును ఆ ఘట్టము సులభముగా బోధపడును. సంగ్రహము ఇట్టివానిని వదలివేయును. కథ నడచును, కాని కారణము సన్నగిల్లి, విధి మాత్రము మిగులును.

సంగ్రహములో పోయినవి ఇంకను కలవు. నాటకము మొదటనే ఒక నాంది పద్యము వచ్చి, ఈ ప్రేమికులు మరణింతురనియు, ఆ మరణముతో పెద్దల పగ ముగియుననియు చెప్పివేయును. ప్రేక్షకుడు ఫలితమెఱిగియే చూచును. లాంబు ఆ పద్యమును విడిచి నేరుగా రెండు కుటుంబముల ప్రసక్తితో ఆరంభించెను. కావున బాలుడు చివరి పుట వఱకు ఆశతో చదువును, ఆశాభంగముతో ముగించును. మూలమున రోమియో జూలియెట్టుల తొలి సంభాషణ 14 పాదముల పద్యముగా కూడివచ్చును. ఒకరు మొదలిడిన పద్యమును మరియొకరు అందుకొందురు. లాంబు అందలి భావమును, యాత్రికుడు దేవాలయము అను పోలికను నిలిపెను గాని, పద్యపు పొందిక వచనమున కరగిపోయినది. దాది మోటు హాస్యము, సేవకుల వాగ్వాదములు, మెర్క్యూషియో ఊహావిహారములు దాదాపుగా తొలగినవి. సుమారు 3,000 పంక్తుల నాటకము కొలది పుటల కథ యైనప్పుడు ఇట్టి నష్టము తప్పదు.

ఈ నష్టము లాంబులకు తెలియనిది కాదు. తమ కథలు మూలమునకు ప్రవేశద్వారము మాత్రమే యని వారు పీఠికలో స్పష్టపరచిరి. సాధ్యమైనంత వఱకు షేక్స్పియరు మాటలనే వాడిరి. ఆయన కాలమునకు తరువాత భాషలో చేరిన పదములను వీలైనంత మట్టునకు వర్జించిరి. పుస్తకము ముఖ్యముగా బాలికల కుద్దేశించితి మనిరి. మగపిల్లలకు తండ్రి గ్రంథాలయము చిన్ననాడే తెరచియుండును, బాలికలకు ఆ అవకాశము ఆలస్యముగా దొరకును, కావున అన్నదమ్ములు అక్కచెల్లెండ్రకు కఠిన స్థలములు బోధింపవలెనని హితవు చెప్పిరి. ముఖపత్రముపై పేరు నోచుకొనని ఒక స్త్రీకి ఈ పుస్తకములో పాలు గలదని తలచినప్పుడు ఆ మాటల బరువు మరింత తెలియును.

లాంబు తొలగించినవి చూచితిమి. తొలగింపని దొకటి కలదు; అది దుఃఖము. నేనీ సభకు ముఖ్యముగా మనవి చేయదలచినది ఈ విషయమే. దీని విలువ తెలియుటకు ఆనాటి రంగస్థల స్థితిని చూడవలెను. 1681లో నాహమ్ టేట్ అను కవి లియరు రాజు నాటకమును సవరించి, కార్డీలియాను బ్రతికించి, పెండ్లి చేసి, రాజునకు రాజ్యమిచ్చెను. ఇంగ్లండు రంగస్థలమున 1838 వఱకు, అనగా ఒకటిన్నర శతాబ్దమునకు పైగా, ఆ శుభాంతమే నడచెను. రోమియో జూలియెట్టులను సైతము విడువలేదు. జేమ్స్ హోవర్డ్ అను నాతడు ఇరువురిని బ్రతికించి ఒక ప్రతి తయారుచేయగా, ఒకనాడు విషాదాంతముగను మరియొకనాడు శుభాంతముగను ప్రదర్శించిరని ఆనాటి రంగస్థల చరిత్ర వ్రాసిన డౌన్స్ తెలిపెను. 1748లో ప్రసిద్ధ నటుడు గారిక్ అంత సాహసింపలేదు గాని, రోమియో చనిపోకమునుపే జూలియెట్టును మేల్కొలిపి, ఇరువురిచేత కడపటి సంభాషణ చేయించెను.

చూడుడు! టిక్కెట్టు కొని వచ్చిన పెద్దలు కార్డీలియా మరణమును చూడలేక శుభాంతము కోరుకొనుచున్న కాలమున, పిల్లలకు కథ చెప్పుచున్న గుమాస్తా ఆమెను చెరసాలలో చనిపోనిచ్చెను. రోమియో జూలియెట్టులకు కడపటి మాటల ఓదార్పును సైతము ఈయక, మూలములో నున్నట్లే ఒకరి వెనుక ఒకరిని పోనిచ్చెను. 1811లో షేక్స్పియరు విషాద నాటకములపై వ్రాసిన వ్యాసములో టేట్ చేసిన మార్పును ఆయన తీవ్రముగా నిరసించెను. సంగ్రహకర్త ధర్మమిదియే యని నా భావన. మాటలను తగ్గింపవచ్చును, పాత్రలను తగ్గింపవచ్చును, పుటలను తగ్గింపవచ్చును. దుఃఖమును తగ్గింపరాదు. పిల్లవాని భాషాజ్ఞానము చిన్నది కావచ్చును. హృదయము చిన్నది కాదు.

సంగ్రహ కథలను చిన్నచూపు చూచు పండితులు కలరు. వారికొక్క మాట. షేక్స్పియరు తానును ఈ కథను తిరిగి చెప్పినవాడే. ఇటలీలో లూయీజీ దా పోర్తో చెప్పిన కథను 1554లో బాందెల్లో చెప్పెను. 1559లో బోయెస్తువో ఫ్రెంచిలోనికి తెచ్చెను. 1562లో ఆర్థర్ బ్రూక్ ఇంగ్లీషు పద్యకావ్యముగా వ్రాసెను. దానిని ఆధారము చేసికొని షేక్స్పియరు సుమారు 1595 ప్రాంతమున నాటకము రచించెను. బ్రూక్ కావ్యములో నెలల తరబడి నడచిన కథను ఆయన ఐదు దినములలోనికి కుదించెను. 16 ఏండ్ల జూలియెట్టును 14 నిండని బాలికను చేసెను. గురువారమునకు నిశ్చయించిన పెండ్లిని తండ్రి ఉత్సాహముతో బుధవారమునకు జరుపుటయు, ఆ ఒక్క దినము తగ్గుటచే వ్యవధి చాలకపోవుటయు నాటకములోని వేగమును పెంచినవి. మహాకవి కుదింపగా కథకు ప్రాణము హెచ్చినది. కుదించుట దోషము కాదు. దేనిని నిలుపుకొని కుదించితిమన్నదే ప్రశ్న.

బ్రూక్ తన కావ్యమునకు ముందు చదువరుల కొక హితోపదేశము చేర్చెను. తల్లిదండ్రుల మాట వినక, పెద్దల సలహా పాటింపక, మోహమునకు లోబడినవారు ఇట్లు నశింతురను ధోరణిలో అది సాగును. షేక్స్పియరు కథను తీసికొనెను గాని ఆ ఉపదేశమును తీసికొనలేదు. ఆయన నాంది పద్యమే పెద్దల పగను ముందు నిలిపి, బిడ్డల మరణము తప్ప మరేదియు దానిని తొలగింపలేకపోయెనని చెప్పును. చివర వెరోనా ప్రభువు ఇరువురు తండ్రులను పిలిచి, మీ ద్వేషమునకు దైవము విధించిన శిక్షను చూడుడను భావమున మందలించును. తాను చూచియు చూడనట్లు ఊరకున్నందున తన బంధువుల నిద్దరిని కోల్పోయితినని తన్ను కూడ నిందించుకొనును.

మన పరీక్షలలో మాత్రము బ్రూక్ నేటికిని బ్రతికియున్నాడేమో యని నాకనుమానము. 'ఈ కథ వలన నేర్చుకొనదగిన నీతి యేమి?' అను ప్రశ్నకు 'పెద్దల మాట వినవలెను' అని బజారు నోట్సులో చూచి వ్రాసిన బాలునకు మార్కులు పడును. 'పెద్దలు పగలు మానవలెను' అని వ్రాసిన బాలుడు, కథను నిజముగా చదివినవాడు, సందేహములో పడును. లాంబు కథ చివరి ఘట్టములో వృద్ధులిరువురు ఒకరికంటె ఒకరు మిన్నగా స్నేహము చూప పోటీపడుదురు. ఎదుటివారి బిడ్డకు బంగారు ప్రతిమ నిలిపెదమందురు. సమయము మించిన పిమ్మట వచ్చిన ఆ మర్యాదను లాంబు జాలితోనే చెప్పెను గాని మెచ్చుకొనలేదు. బంగారు ప్రతిమ వలన బిడ్డ తిరిగి రాదని బాలునకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ దుఃఖము వెరోనాకు పరిమితమైనది కాదని మన దేశపు కథలే చెప్పును. పంజాబున వారిస్ షా 1766లో రచించిన హీర్ రాంఝాల కథ, పారశీకమున నిజామీ కావ్యముగా వ్రాయగా మన వఱకు వచ్చిన లైలా మజ్నూల కథ ఈ కోవలోనివే. 1978లో కె. బాలచందర్ దర్శకత్వమున వచ్చిన 'మరో చరిత్ర' తెలుగు చలనచిత్రము మీలో పలువురు చూచియుందురు. విశాఖపట్టణమున ఇరుగు పొరుగు ఇండ్లు. తమిళ బాలుడు, తెలుగు బాలిక. అచ్చట తరతరముల పగ లేదు. భాష వేరు, ఆచారము వేరు, అంతియే. ఒక సంవత్సరము చూచుకొనక, ఉత్తరములు వ్రాసికొనక యుండవలెనని పెద్దలు విధించిరి. చివరకు ఇరువురును దక్కలేదు. 1981లో ఆ కథయే హిందీలో 'ఏక్ దూజే కే లియే' అను పేరున దేశమంతటను ప్రదర్శితమయ్యెను.

బదిలీలపై దేశము నలుమూలలకు పోవు మనబోటి కుటుంబములకు ఈ కథ పరాయిది కాదు. మన క్వార్టర్సులో ఒక మెట్లవరుసకు నాలుగు భాషలు. పిల్లలు కలసి ఆడుకొందురు, కలసి చదువుకొందురు. వారిలో ఎవరైన రేపు మన కిష్టము లేని సంగతి యొకటి చెప్పవచ్చును. ఇష్టపడి తీరవలెనని నేను శాసింపను. ప్రతి ప్రేమయు పరిణతమైనది కాదు, జూలియెట్టు వయస్సు బాల్యమే. కాని ఈ కథలో జూలియెట్టు పెండ్లి వలదని కన్నీరు పెట్టుకొన్నప్పుడు తండ్రి ఇంటినుండి వెడలగొట్టెద ననెను, తల్లి మొగము త్రిప్పుకొనెను, పెంచిన దాది సైతము పారిస్‌నే చేసికొమ్మనెను. ఆ ఇంట ఆమె నిజము చెప్పుకొనదగిన మనిషి ఒక్కరును మిగులలేదు. అప్పుడే ఆమె మందు సీసాను ఆశ్రయించెను. పిల్లలు నిజము చెప్పుటకు వీలైన ఇంటిలో రహస్యపు ఉత్తరముల అవసరముండదు. మా ఉపాధ్యాయుడు ఆ బాలుని ఆలోచింపుమని చెప్పినది ఈ సంగతియే యని అనుకొందును.

చివరగా మన భాషను గూర్చి ఒక్క మాట. తెలుగులో బాలలకు విషాదమును సూటిగా చెప్పినవాడు గురజాడ అప్పారావు. ధనమునకు ఆశపడి తండ్రి ముదుసలికి కట్టబెట్టిన 'పూర్ణమ్మ' కథను ఆయన ఎనిమిదేండ్ల పిల్లకు సైతము అర్థమగు మాటలలో చెప్పెను. అది సంగ్రహము కాదు. మొదటనే సరళముగా పుట్టినది. అయినను అందు దుఃఖము ఒక్క వీసమైనను తగ్గలేదు. మన దేశమున బాలికల వివాహమునకు 14 సంవత్సరముల కనీస వయస్సు విధించిన శారదా చట్టము వచ్చినది 1929లో. అది 18 అయినది 1978లో. అంతకు ఎన్నడో ముందుగా ఒక చిన్న గేయము ఆ అన్యాయమును పిల్లల మనస్సులలో నాటెను. సరళమైన విషాద కథకు అంత బలము కలదు.

తెలుగునాటికి దూరముగా పెరుగుచున్న మన పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని, చదువుటలో తడబడుదురు. వారి చేతికి ఒక్కసారిగా మూల కావ్యమునిచ్చిన భయపడుదురు. కావున మన కావ్యములను, నాటకములను సులభ వచనమున చెప్పు పుస్తకములు మన సంఘ గ్రంథాలయమున చేర్చుట మంచిది. వానిని ఎన్నుకొనునప్పుడు మూడు విషయములు చూడవలెనని నా మనవి. కథ ముగింపును మార్చి తీపి చేసిన పుస్తకము వలదు. చివర నీతివాక్యము అంటించి కథ నోరు నొక్కిన పుస్తకము వలదు. మూల కవి మాటలు కొన్నియైనను నిలుపుకొని, ఎదిగిన పిదప మూలమును చదువవలెనను ఆకలి పుట్టించు పుస్తకము కావలెను. ఇంకొకటి. లాంబులు అన్నదమ్ములను కోరినట్లు, కథను పిల్లలతో కూర్చుండి చదువుడు. చదివినది బాధ కలిగించినచో బాలుడు ఒంటరిగా నుండరాదు. ఎందుకు ఇట్లు జరిగినదని అడుగుటకు ప్రక్కను ఒక మనిషి యుండవలెను.

ఇచ్చటికి వచ్చిన బాలబాలికలారా! మీలో ఎవరైన ఇట్టి కథ చదివి కన్నీరు పెట్టుకొన్నచో సిగ్గుపడకుడు. ఎన్నడును చూడని దేశములో, ఎన్నడును లేని మనుష్యులకొఱకు దుఃఖించుట నేర్చినవారు, రేపు ప్రక్కయింటివారి దుఃఖమును గుర్తింపగలరు. చదువువలన కలుగు లాభములలో ఇది చిన్నది కాదు.